శీతాకాలంలో గుర్రపు రోమకర్తనం: నిర్ణయానికి శాస్త్రీయ ప్రాతిపదిక

వ్యాససంగ్రహం

సమశీతోష్ణ, శీతల దేశాలలో చలికాలం సమీపించగానే గుర్రాలకు దట్టమైన బొచ్చు పెరుగుతుంది. శ్రమ చేసే గుర్రానికి ఈ బొచ్చును యంత్రంతో కత్తిరించడం బ్రిటన్‌లో పందొమ్మిదవ శతాబ్దం నుంచి స్థిరపడిన ఆచారం. ఈ రోమకర్తనం ఎప్పుడు అవసరమో, ఎంత మేరకు అవసరమో, ఎప్పుడు హానికరమో నిర్ణయించడానికి తోడ్పడే శరీరధర్మశాస్త్ర విషయాలను ప్రస్తుత వ్యాసం వివరిస్తుంది. నిర్ణయానికి ఆధారం కావలసినవి గుర్రం చేసే పని, దానికి పట్టే చెమట. క్యాలెండరు గానీ అలంకార దృష్టి గానీ కాదు. బొచ్చును తీసివేయడమంటే దేహోష్ణాన్ని కాపాడుకునే బాధ్యతను గుర్రం నుంచి మనిషికి బదిలీ చేయడమే అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: గుర్రం, శీతాకాల రోమావరణం, రోమకర్తనం, దేహోష్ణ నియంత్రణ, చెమట, జంతు సంక్షేమం.

1. ఉపోద్ఘాతం

గుర్రపు ఒంటి రోమాన్ని గురించి మన అశ్వశాస్త్ర సంప్రదాయం చాలానే ఆలోచించింది. తెలుగులో మనుమంచి భట్టు రచించిన 'హయలక్షణ విలాసము' ఆ సంప్రదాయానికి చెందినదే. అయితే లక్షణ గ్రంథాల దృష్టి ప్రధానంగా వన్నె మీద, సుళ్ళ మీద నిలిచింది. రోమం ఎంత మందంగా పెరిగింది, దాన్ని ఉంచాలా తీయాలా అన్నది మన నేల మీద పెద్ద ప్రశ్న కాదు. అందుకు కారణం చలి తక్కువ కావడం ఒక్కటే కాదని, పగటి పొడవులోని తేడా కూడా అని తరువాతి భాగంలో చూస్తాం.

బ్రిటన్, ఐర్లండ్, ఉత్తర ఐరోపా దేశాలలో మాత్రం అక్టోబరు వచ్చేసరికి ప్రతి లాయంలోనూ ఈ ప్రశ్న తలెత్తుతుంది. అక్కడి పశువైద్య విద్యలోనూ అశ్వపాలన శిక్షణలోనూ ఇది పాఠ్యాంశం. పైకి క్షురకర్మ వంటి చిన్న విషయంగా కనిపించే ఈ పనిలో ఉష్ణగతికం, శరీరధర్మం, పోషణ, జంతు సంక్షేమం కలగలిసి ఉన్నాయి. పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి.

2. వెలుతురును అనుసరించి పెరిగే కంబళి

చలి వేయడం వల్ల గుర్రానికి బొచ్చు పెరుగుతుందని సామాన్యంగా అనుకుంటారు. ఇది సగం నిజమే. అసలు సంకేతం వెలుతురుది. పగటి సమయం తగ్గే కొద్దీ రాత్రివేళ పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ స్రవించే వ్యవధి పెరుగుతుంది. దాని ప్రభావంతో ప్రొలాక్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. రోమకూపాలు శీతాకాలపు పొడవాటి వెంట్రుకలను పెంచడం మొదలుపెడతాయి. ఎండలు ఇంకా పూర్తిగా తగ్గకముందే, సెప్టెంబరు నాటికే, ఐరోపా గుర్రాల ఒంటి మీద మార్పు కనిపించడానికి ఇదే కారణం. అలాగే జనవరిలో చలి తీవ్రంగా ఉన్నప్పుడే, పగలు పెరగడం మొదలైంది కనుక, బొచ్చు రాలే ప్రక్రియకు లోపల నాంది పడుతుంది. లాయంలో విద్యుద్దీపాలతో పగటిని పదహారు గంటలకు పొడిగిస్తే గుర్రం చలికాలంలోనూ పొట్టి రోమంతో ఉండగలగడం దీనికి ఆచరణలో దొరికే రుజువు. చలి, ఆహారం, వయసు, జాతి ఈ ప్రక్రియను ఎక్కువ తక్కువలు చేస్తాయే తప్ప దాన్ని ప్రారంభించేది వెలుతురే.

లండన్‌లో ఏడాదిలో అతి దీర్ఘమైన పగటికీ అతి హ్రస్వమైన పగటికీ మధ్య తేడా దాదాపు తొమ్మిది గంటలు. హైదరాబాదులో ఆ తేడా సుమారు రెండు గంటలే. మలక్‌పేట పందెపు లాయాలలోని గుర్రాలకు చలి సంకేతంతో పాటు వెలుతురు సంకేతం కూడా బలహీనంగానే అందుతుంది. కాబట్టి ఈ వ్యాసంలోని చర్చను యథాతథంగా మన ప్రాంతానికి అన్వయించడం సరికాదు.

శీతాకాల రోమావరణం పనిచేసే తీరు సరళమైనదే అయినా నిర్మాణం నిపుణమైనది. లోపల మెత్తని దట్టమైన నూగు, పైన పొడవాటి గరుకు వెంట్రుకలు. ప్రతి వెంట్రుక మొదట్లో ఉండే సూక్ష్మ కండరం చలి వేసినప్పుడు సంకోచించి వెంట్రుకను నిక్కబొడుస్తుంది. వెంట్రుకల మధ్య నిశ్చలమైన గాలి చిక్కుకుంటుంది. వెచ్చదనాన్ని కాపాడేది వెంట్రుక కాదు, ఆ గాలి పొర. చర్మం నుంచి స్రవించే జిడ్డు పైవెంట్రుకల మీద వాన నీటిని జారవిడుస్తుంది. మంచు కురిసినప్పుడు ఎక్స్‌మూర్, షెట్లాండ్ పొట్టిగుర్రాల వీపు మీద మంచు కరగకుండా పేరుకొని కనిపించడం వాటి రోమావరణ సామర్థ్యానికి సాక్ష్యం. లోపలి వేడి బయటికి రావడం లేదు కనుకనే పైన మంచు నిలిచింది.

ఈ వ్యవస్థను ఓడించగలిగేవి రెండే: ఎడతెగని వాన, దానికి తోడైన గాలి. నీరు గాలి కంటే సుమారు ఇరవై అయిదు రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. బొచ్చు చర్మం దాకా తడిసిందంటే కంబళి కాస్తా తడిబట్టగా మారినట్టే. ఈ తడి పైనుంచి వానగా రావచ్చు, లోపలి నుంచి చెమటగానూ రావచ్చు. రోమకర్తనం చర్చ అంతా ఈ రెండవ తడికి సంబంధించినదే.

3. చెమట సమస్య

ఆహారం నుంచి లభించే శక్తిలో కండరం చలనంగా మార్చగలిగేది నాలుగో వంతుకు మించదు. మిగిలినదంతా వేడి. పరుగెత్తే గుర్రం ఆ వేడిని వదులుకోవడానికి ప్రధానంగా చెమట మీద ఆధారపడుతుంది. కుక్క రొప్పుతుంది, గుర్రం మనిషిలాగే చెమటోడుస్తుంది. గుర్రపు చెమటలో లాథెరిన్ అనే ప్రత్యేక ప్రొటీను ఉంటుంది. జిడ్డుగల వెంట్రుకల మీద నీరు గుండ్రని బొట్లుగా నిలిచిపోకుండా పలుచగా పరుచుకొనేలా చేయడం దాని పని. జీను కింద, తొడల మధ్య నురగ కట్టేది దీనివల్లనే.

ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ ఉష్ణం తొలగిపోతుంది. ఆవిరి కాకుండా నేలకు కారిన చెమట వల్ల ఆ ప్రయోజనం దాదాపు శూన్యం. నీరు, లవణాలు మాత్రం పోతాయి. దట్టమైన బొచ్చు ఉన్నప్పుడు జరిగేది ఇదే. చెమట చర్మం వద్ద ఆవిరి కాలేదు. అది వెంట్రుకల్లోకి ఎక్కి, చర్మానికి దూరంగా, నెమ్మదిగా ఆవిరవుతుంది. గుర్రం మరింత చెమటోడుస్తుంది, తొందరగా అలసిపోతుంది, ఒళ్ళు చిక్కుతుంది. స్వీడన్‌లో కారిన్ మోర్గన్, సహ పరిశోధకులు ట్రాటర్ జాతి పందెపు గుర్రాలపై చేసి 2002లో ప్రచురించిన పరిశీలనలో, బొచ్చు కత్తిరించాక తీవ్ర శ్రమలో ఉష్ణ విసర్జన మెరుగైందని, దేహం మీద ఉష్ణభారం తగ్గిందని తేలింది.

అయితే అసలు ప్రమాదం పరుగు ఆగిన తరువాత మొదలవుతుంది. డిసెంబరులో ఇంగ్లండులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఉద్యోగం ముగించుకొని వచ్చిన యజమాని ఏడు గంటలకు గుర్రమెక్కి ఒక గంట స్వారీ చేసి దింపితే, తడిసి ముద్దయిన ఆ బొచ్చు ఆరడానికి రెండు మూడు గంటలు చాలకపోవచ్చు. కండరాల వేడి అప్పటికి తగ్గిపోయి ఉంటుంది. తడి మాత్రం ఉంటుంది. గుర్రం చలికి వణుకుతూ రాత్రి గడపాలి. ఆరినట్టే కనిపించిన గుర్రానికి లాయంలోకి వెళ్ళాక మళ్ళీ చెమట పట్టడం కూడా పాత అశ్వపాలకులకు బాగా తెలిసిన విషయమే. పందొమ్మిదవ శతాబ్దంలో వేటగుర్రాల పోషకులను కత్తెర పట్టేలా చేసింది ఈ అనుభవమే. మొదట దువ్వెన, కత్తెరలతోనూ, మంటతో వెంట్రుకల కొనలను కాల్చే పద్ధతితోనూ ఈ పని సాగింది. తరువాత చేతి యంత్రాలు, విద్యుత్తు యంత్రాలు వచ్చాయి.

అందువల్ల తొలి ప్రశ్న ఇలా ఉండాలి: ఈ గుర్రానికి ఈ చలికాలంలో వారానికి ఎన్నిసార్లు ఒళ్ళంతా తడిసేలా చెమట పడుతుంది? వారానికి ఒకటి రెండు సార్లు నింపాదిగా నడక స్వారీ చేసే గుర్రమైతే జవాబు దాదాపు సున్నా. అటువంటి గుర్రానికి రోమకర్తనం అనవసరం. పచ్చిక బయలులోనే ఉండే గుర్రానికి, పిల్లల గుర్రాలకు, చూలు గుర్రాలకు, విశ్రాంతిలో ఉన్నవాటికి కూడా అంతే. చక్కగా కనిపిస్తుందనో, గొరపంతో తోమే శ్రమ తగ్గుతుందనో కత్తిరించేవారు లేకపోలేదు. ఆ సౌకర్యం మనిషిది, దాని మూల్యం చెల్లించేది గుర్రం. వ్యాసకర్త దృష్టిలో ఇది సమర్థనీయమైన కారణం కాదు.

4. ఎంత మేరకు?

కత్తిరించాలా వద్దా అన్నది అవును, కాదు అని తేల్చే ప్రశ్నగా భావించడం వల్ల చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. నిజానికి ఇది ఎంత మేరకు అన్న ప్రశ్న. బ్రిటిష్ సంప్రదాయంలో ఉన్న కర్తన రీతుల పేర్లే ఆ విషయం చెబుతాయి. చెమట మొదట పట్టేది మెడ కింద, రొమ్ము మీద, ముంగాళ్ళ మధ్య. అక్కడ మాత్రమే తీస్తే దాన్ని బిబ్ క్లిప్ అంటారు. బండి గుర్రాలకు వాడిన ట్రేస్ క్లిప్‌లో మెడ అడుగు నుంచి పొట్ట మీదుగా, బండిని లాగే పట్టీల ఎత్తు వరకు తీస్తారు. వీపు, నడుము, కాళ్ళు అలాగే ఉంటాయి. బ్లాంకెట్ క్లిప్‌లో వీపు మీదా పిరుదుల మీదా కంబళి కప్పిన ఆకారంలో బొచ్చు మిగులుతుంది. హంటర్ క్లిప్‌లో కాళ్ళమీద, జీను చోట తప్ప ఒళ్ళంతా తీసేస్తారు. పూర్తి కర్తనంలో అవీ మిగలవు.

ఈ వరుసలో ప్రతి మెట్టుకూ తర్కముంది. వాన పడేది వీపు మీద, కాబట్టి అక్కడి బొచ్చు చివరిదాకా కాపాడుకోవలసినది. జీను చోట వెంట్రుకలు ఉంచడం రాపిడి నుంచి చర్మానికి రక్షణ. కాళ్ళ మీది బొచ్చు ముళ్ళ నుంచి, బురద నుంచి కాపాడుతుంది. బురదలో నానిన చర్మంలో డెర్మటోఫిలస్ వంటి సూక్ష్మజీవులు చేరి మడ్ ఫీవర్ అనే చర్మవ్యాధిని కలిగిస్తాయి. వారానికి మూడు నాలుగు రోజులు మధ్యస్థమైన పని చేసి, పగలు బయట గడిపే గుర్రానికి ట్రేస్ క్లిప్ సాధారణంగా సరిపోతుంది. తక్కువ తీసి చూసి, చాలకపోతే మరికొంత తీయవచ్చు. తీసినదాన్ని అతికించలేం.

మూతి మీద, కళ్ళ చుట్టూ ఉండే పొడవాటి మీసపు వెంట్రుకల సంగతి వేరు. అవి స్పర్శేంద్రియాలు. ముక్కు కింద ఏముందో గుర్రం తన కళ్ళతో చూడలేదు. ఈ వెంట్రుకలతోనే తెలుసుకుంటుంది. వాటిని తొలగించిన గుర్రాలు పోటీల్లో పాల్గొనడాన్ని అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2021 జులై 1 నుంచి నిషేధించింది. చెవుల లోపలి వెంట్రుకలనూ ముట్టకపోవడమే మంచిది.

కాలం విషయానికి వస్తే, శీతాకాలపు బొచ్చు బాగా కుదురుకున్నాక అక్టోబరులో మొదటిసారి కత్తిరిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ పెరుగుతుంది కనుక అవసరమైతే మరొకసారి తీస్తారు. వేసవి రోమం రావడం మొదలయ్యేలోగా, అంటే సాధారణంగా జనవరి చివరిలోగా, ఆపేయాలన్నది ఆచారం.

5. ఒక చారిత్రక ఉదాహరణ: 1916–17 శీతాకాలం

మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగాన ఉన్న బ్రిటిష్ సైన్యం లక్షలాది గుర్రాలను, కంచరగాడిదలను పోషించింది. వాటి బొచ్చు కత్తిరించడానికి సైనిక పశువైద్యులకు చెమటతో పాటు మరొక బలమైన కారణం ఉంది. అది గజ్జి. కంటికి కనిపించనంత చిన్న పురుగులు చర్మంలో చేరి, ఒక గుర్రం నుంచి మరొక గుర్రానికి వేగంగా పాకే ఈ వ్యాధి వేలాది జంతువులను పనికిరాకుండా చేసింది. దట్టమైన బొచ్చు కింద వ్యాధి మొదలైనది కనిపించదు. మందునీటి తొట్లలో ముంచినా మందు చర్మానికి సరిగా అందదు. కనుక బొచ్చు తీయించాలన్న వాదన వైద్యపరంగా నిర్హేతుకమైనది కాదు.

కానీ ఆ శీతాకాలం ఐరోపాలో అతి కఠినంగా వచ్చింది. గుర్రాలు లాయాలలో లేవు. ఆరుబయట బురదలో వరుసగా కట్టి ఉన్నాయి. దాణా కొరత ఏర్పడి ఓట్స్ కోటా తగ్గింది. 1917 ఏప్రిల్ 9న ఆరస్ వద్ద దాడి ప్రారంభమైనప్పుడు మంచు, వడగళ్ళతో కూడిన వాన కురుస్తున్నాయి. బొచ్చు లేక, కడుపు నిండక, ఆగకుండా బరువులు లాగిన గుర్రాలు పెద్దసంఖ్యలో కూలిపోయాయి. ఆ యుద్ధంలో బ్రిటన్ పోగొట్టుకున్న జంతువుల సంఖ్య 4,84,000 అని సాధారణంగా పేర్కొంటారు. వాటిలో గుండ్ల దెబ్బకు చనిపోయినవాటి కంటే అలసట, చలి, వ్యాధుల వల్ల చనిపోయినవే ఎక్కువ. చలి ముదరకముందే, బొచ్చు తిరిగి కొంత పెరిగే వ్యవధి ఉండేలా కత్తిరించాలన్న జాగ్రత్త ఈ అనుభవం తరువాత బలపడింది.

ఇక్కడ తప్పు కత్తిరింపుదేనని తేల్చడం సులభం. అది పూర్తి సత్యం కాదు. గజ్జి నిజం, దానికి చికిత్స అవసరం నిజం. బొచ్చు తీసినప్పుడు దాని స్థానంలో ఇవ్వవలసిన మూడింటినీ, అంటే పైకప్పును, పొడి కంబళిని, అదనపు ఆహారాన్ని, ఆ యుద్ధభూమిలో ఎవరూ ఇవ్వలేకపోయారు. బదిలీ అయిన బాధ్యతను స్వీకరించే స్థితిలో మనిషి లేడు.

6. కత్తిరించిన తరువాతి లెక్క

ప్రతి జంతువుకూ ఒక ఉష్ణ తటస్థ మండలం ఉంటుంది. ఆ పరిధిలో వాతావరణం ఉన్నంతవరకు ఒంటివేడిని నిలుపుకోవడానికి అది అదనంగా శక్తి వెచ్చించనక్కరలేదు. దాని కింది అంచును కనిష్ఠ సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. కెనడాలో చలికి అలవాటుపడిన గుర్రాలలో మెక్‌బ్రైడ్, సహ పరిశోధకులు 1985లో దీన్ని మైనస్ 15 డిగ్రీల సెల్సియస్‌గా అంచనా కట్టారు. స్వీడన్‌లో మోర్గన్ 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గుర్రపు తటస్థ మండలం 5 నుంచి 25 డిగ్రీలు. ఈ రెండు అంకెలలో ఏది సరైనదన్న ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం. గుర్రం అలవాటుపడిన వాతావరణం, బొచ్చు, కొవ్వు, మేత మారితే ఈ హద్దు ఇరవై డిగ్రీలు అటూ ఇటూ జరుగుతుందన్నదే వీటిని పక్కపక్కన పెట్టినప్పుడు తెలిసే విషయం. బొచ్చు తీస్తే ఆ హద్దు పైకి జరుగుతుంది.

హద్దుకు దిగువన ఒక్కో డిగ్రీకి నిర్వహణ శక్తి అవసరం సుమారు 2.5 శాతం పెరుగుతుంది. ఉదాహరణకు ఒక గుర్రం హద్దు 5 డిగ్రీలని, రాత్రి మైనస్ 5 అని అనుకుంటే, దానికి ఆ రాత్రి పాతిక శాతం అదనపు శక్తి కావాలి. ఆ అదనాన్ని ధాన్యంగా కంటే ఎండుగడ్డిగా ఇవ్వడమే మేలు. పీచు పదార్థం వెనుక పేగులలో పులిసే క్రమంలో పుట్టే వేడి లోపలి కుంపటిలా పనిచేస్తుంది.

కంబళి విషయంలో అతి కూడా ప్రమాదమే. కత్తిరించిన గుర్రానికి కంబళి తప్పనిసరి. కానీ ఎండ కాసిన మధ్యాహ్నం రాత్రి కంబళినే ఉంచితే దాని కింద చెమట పడుతుంది. ఏ తడిని తప్పించడానికి బొచ్చు తీశామో ఆ తడే తిరిగివస్తుంది. నిక్కబొడుచుకొనే బొచ్చు వాతావరణాన్ని బట్టి నిమిషాల్లో తనను తాను సర్దుకోగలదు. కంబళిని మార్చడానికి మనిషి రావాలి. రోజుకు రెండుసార్లైనా లాయానికి రాలేని యజమాని, గుర్రం ఎంత పనిచేసినా, ఎక్కువ భాగం కత్తిరించకపోవడమే ఉచితం. అటువంటప్పుడు పనినే తగ్గించుకోవాలి.

చలికాలం పోయినా రాలని, ఉంగరాలు తిరిగిన పొడవాటి బొచ్చు ముసలి గుర్రంలో కనిపిస్తే అది వేరే విషయం. సాధారణంగా అది పిట్యూటరీ గ్రంథి మధ్యభాగపు రుగ్మతకు లక్షణం. కత్తిరిస్తే ఉపశమనం కలుగుతుంది. కానీ వ్యాధిలక్షణమే కంటికి కనబడకుండా పోతుంది. ముందు రక్తపరీక్ష, పశువైద్యుని సలహా, తరువాతే కత్తెర.

7. గుర్రం అభిప్రాయం

ఇంతవరకు చెప్పినదంతా మనిషి తరఫు లెక్క. గుర్రాన్నే అడిగే ప్రయత్నం ఒకటి నార్వేలో జరిగింది. మెజ్‌డెల్, సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 23 గుర్రాలకు మూడు గుర్తులు నేర్పారు: కంబళి కప్పమని ఒకటి, తీసేయమని ఒకటి, ఉన్నట్టే ఉంచమని ఒకటి. రోజుకు పది పదిహేను నిమిషాల శిక్షణతో రెండు వారాల్లోపే అన్ని గుర్రాలూ నేర్చుకున్నాయి. చలిగాలి, వాన ఉన్న రోజున అవి కంబళి కోరాయి. ఎండ కాసిన రోజున వద్దన్నాయి. వాటి ఎంపిక వాతావరణాన్ని అనుసరించి మారింది.

ఈ ప్రయోగం కంబళికే పరిమితం. దాన్ని కప్పిన మరునిమిషంలో తీయవచ్చు, కాబట్టి అడగడం సాధ్యమైంది. కత్తిరింపుకు అటువంటి గుర్తును రూపొందించలేం. అక్టోబరులో తీసిన బొచ్చు ఫలితం డిసెంబరు రాత్రి గానీ గుర్రానికి తెలియదు. అందుకే గుర్రాన్ని పరిశీలించడం తప్ప మార్గం లేదు. స్వారీ ముగిశాక మెడ కింద, డొక్కల మీద చెయ్యి పెట్టి తడి చర్మం దాకా చేరిందా అని చూడాలి. అది ఆరడానికి ఎంతసేపు పట్టిందో రెండు మూడు వారాలపాటు రాసిపెట్టుకోవాలి. వారం వారం పక్కటెముకల మీద కండ పట్టు గమనించాలి. ఈ మూడూ చేతిలో ఉన్నప్పుడు ఎంత మేరకు తీయాలన్నది లాయంలోనే, ఆ గుర్రం పక్కనే నిలబడి నిర్ణయించవచ్చు.